ఆటలో అరటిపండు

విజయనగరం రింగురోడ్డులో
టైల్స్ షాపు పైన, రెండో అంతస్తు,
నాలుగు లేన్ల బౌలింగు సెంటరు.
నా పని బూట్లివ్వడం.
ముఖాలకంటే ముందు నాకు పాదాలు తెలుస్తాయి.

మంగళవారం లీగంటే ఒకప్పుడు ఎనిమిది జట్లు.
ఇప్పుడు మూడు.
అదే పన్నెండు మంది, అవే బంతులు, అవే తిట్లు,
ఒకరి స్కోరు ఒకరికి కంఠతా.
ఓడినవాడికి కూడా కొత్త సాకు దొరకదు.

"రేటు తగ్గిద్దాం" అన్నారు ఓనరు దాలినాయుడు గారు.
తగ్గించారు. గంటస్తంభం దగ్గర ఫ్లెక్సీ కట్టించారు.
జనం వచ్చారు, ఫొటోలు దిగారు, వెళ్ళారు.
ఒకసారొచ్చిన పాదం
మళ్ళీ నా కౌంటరు మెట్టెక్కలేదు.

ఎందుకో నాకు తెలుసు.
చెప్పులు విప్పమంటే
బొటనవేలి దగ్గర సాక్సు చిరిగిన కుర్రాడు
"ఫోనొచ్చింది" అని మెట్లు దిగిపోయాడు
ఫోను మోగకుండానే.
ఇంకొకామె బంతి పక్క కాలవలో పడితే
అసిరినాయుడి నవ్వు
పది పిన్నులూ ఒక్కసారి కూలినంత చప్పుడు.

ఆ నెల జీతంలో రెండు డజన్ల సాక్సులు కొన్నాను.
బూట్లతో పాటు, అడక్కుండా, మడత విప్పకుండా ఇచ్చాను.
ఓ మధ్యాహ్నం ఓనరుగారినడిగాను:
"చిన్నప్పుడు ఏడుపెంకులాటలో
గురి కుదరనప్పుడు మిమ్మల్ని ఏమని చేర్చుకున్నారండీ?"
ఆయన కాలిక్యులేటరు పక్కన పెట్టారు.
చాలాసేపటికి,
"అరటిపండని" అన్నారు.

అలా మొదలైంది శుక్రవారం లీగు.
కాలవలకి అడ్డుకమ్మీలు లేపి ఉంచాం.
కొత్తవాళ్ళు పడగొట్టిన పిన్నులకి
పడని పిన్నులు కొన్ని కలిపాం.
జట్టుకి ముగ్గురు కొత్త, ఒక్కరు పాత.
ఎవరైనా నవ్వొచ్చు,
ముందు తన మొదటి బంతి సంగతి చెప్పాలి.

వచ్చారు.
నెల్లిమర్ల జూట్‌మిల్లులో షిఫ్టు దిగి ఇద్దరు,
కంటోన్మెంటు టైలరు ఖాజావలీ,
రైతుబజారులో ఆనపకాయలమ్మే తవిటమ్మ.
బంతి ఎత్తి చూసి
"ఓలమ్మ, పొత్రంలాగుందేటిది!" అందామె.
కన్నాల్లో వేళ్ళు పెట్టలేదు.
వంగి, రెండు చేతులా, కాళ్ళ మధ్యనుంచి తోసింది.
బంతి తీరుబడిగా వెళ్ళింది
దారిలో అందర్నీ పలకరిస్తున్నట్టు.
ఊపిరి బిగబట్టాం, వదిలాం, మళ్ళీ బిగబట్టాం.
ఒక్క పిన్ను.
అది కూడా ఆలోచించుకుని పడింది.

అసిరినాయుడి పెదవి కదిలింది.
అందరం వాడికేసి చూశాం.
"నా మొదటి బంతి," అన్నాడు నేల చూపులు చూస్తూ,
"ఎనక్కి జారి మా బావ కాలి మీద పడింది.
ఆడిప్పటికీ నాతో మాటాడడు."
తవిటమ్మ నవ్విన నవ్వుకి
ఇంకో పిన్ను పడుండాల్సింది.

సీజనంతా ఆ జట్టుది ఆఖరి స్థానమే.
అయినా కొత్త సీజను రుసుము
కొత్తిమీర వాసనేసే పది రూపాయల నోట్లలో
ఆమే ముందు కట్టింది.
"ఈపాలీ అరటిపండుగానే రాయనా?" అన్నాను.
తవిటమ్మ మెట్ల వైపు చూసింది.
అక్కడో పిల్ల,
ఒక కాలి వేళ్ళు ఇంకో కాలి కింద దాచుకుని నిలబడుంది.
"దానికి రాయి" అంది.
"నాకా కమ్మీలు దించెయ్."

నేను సాక్సుల డబ్బా తెరిచాను.