ఏ గాలి?

ఈ దీవిలో కోడలిగా అడుగుపెట్టిన రోజున
మా అత్త మాండె నాకు తాళాలివ్వలేదు,
రెండు గాలుల పేర్లిచ్చింది.

ఈశాన్యాన వెలెబిత్ కొండ మీంచి దూకేది బూర.
పేరుకు తగ్గట్టు ఊదుకుంటూనే దిగుతుంది.
సముద్రాన్ని పొడిపొడిగా గీరి
ఊరి మీద చల్లుతుంది.
మర్నాడు కిటికీ అద్దానికి నాలుక ఆనిస్తే ఉప్పు.
గొళ్ళెం ఉప్పు. అంజూరపాకు ఉప్పు.
పెంకులు లేవకుండా పేర్చిన రాళ్ళక్కూడా తెల్లటి మీసాలు.
ఆ గడ్డి మేసిన గొర్రెల పాలతో
ఏడాది మాగిన జున్ను కోసం
నగరాలవాళ్ళు వంతెన దాటి వస్తారు,
బూర లేని రోజున.
ఉన్న రోజున వంతెన మూసేస్తారు,
రొట్టెల బండి అవతలి ఒడ్డునే ఆగిపోతుంది.
గొర్రెలు రాతిగోడ చాటున
ఒకదాని పొట్టలో ఒకటి మొహం దూర్చి
ఎవరి మీదా నింద లేకుండా నిలబడతాయి.

అది కొట్టే గాలి. దానితో పేచీ లేదు.

యూగో అలా కాదు.
ఆగ్నేయం నుంచి వస్తుంది, పేరుకే ఆగ్నేయం,
నిప్పు లేదు, అంతా తడే.
చెప్పాపెట్టకుండా వచ్చి
కదలని చుట్టంలా వంటింట్లో కూర్చుంటుంది.
గోడలు చెమరుస్తాయి. పిండి ఉండకడుతుంది.
లేసు అల్లే దారం వేలిని వదలదు.
మోకాళ్ళూ పాత బాకీలూ
ఒకేసారి సలుపుతాయి.

అలాంటి యూగో ఏడో రోజున
మా ఆయన షిమె, వాళ్ళన్న క్ర్షెవాన్
తండ్రి వదిలిన ఉప్పుమడి కోసం
బల్లకి అటొకరు ఇటొకరు.
మధ్యలో హోటల్ కంపెనీ పంపిన కాగితం.
ఒకడు అమ్ముదామంటాడు. ఒకడు చస్తే అమ్మనంటాడు.
ఇద్దరూ పోయినాయన్నే సాక్ష్యానికి లాగుతున్నారు.
నేను మైదానం పిల్లని,
ఒక్క సంతకంతో పోయేదానికి ఇంత రభసా అనుకున్నాను.

మాండె లేచింది.
కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
జున్నుగదిలో అన్నిటికన్నా బరువైన చక్రం కింద తోసి
తాళం వేసి వచ్చింది.
"యూగోలో పెట్టిన సంతకం తడి సున్నం మీద రాత.
గాలి మారనివ్వండి."

మూడు రోజులకి మారింది.
అర్ధరాత్రి ఎవరింటి రేకో లేచి వీధంతా నడిచింది.
తెల్లారేసరికి ఆకాశం తోమిన పళ్ళెం,
అవతలి కొండ మీద రాళ్ళు లెక్కపెట్టొచ్చు.
ఒకడు నిచ్చెన పట్టుకున్నాడు, ఒకడు పైకెక్కాడు,
తిట్టుకుంటూనే పెంకులు సర్దుతున్నారు.

నేను చక్రం ఎత్తి చూశాను.
కాగితం నూనె పీల్చింది,
అక్షరాలు వెనకవైపు నుంచీ కనిపిస్తున్నాయి.
అమ్ముతారో లేదో ఇప్పటికీ తెలీదు.

నిన్న పడమటింటి వాళ్ళెవరో పెళ్ళిమాటకి వచ్చారు.
మంచంలోంచే అత్త అడిగింది, "ఏ గాలి?"
జవాబు చెప్పేముందు
నేను కిటికీ దగ్గరికెళ్ళి
అద్దం నాకాను.