తల్లిమూరు

పాకాల జంక్షన్‌లో ముప్పై ఒక్క ఏండ్లు
రాత్రిపూట ఉత్తరాలు ఏరినోణ్ణి.
గోడ పొడుగునా చెక్కగడులు, గడికొక ఊరు.
దామలచెరువు, పులిచెర్ల, ఐరాల, యాదమరి...
కండ్లు మూసుకున్నా చెయ్యి తప్పేది కాదు.
నా ఇంటిపేరున్న ఊరికి మాత్రం
గడి లేదు.

"తల్లిమూరా? యాడుండాది నాయినా అది,
పెనుమూరు పక్కనా?"
పెండ్లి సంబంధాలకాడ అడిగినారు.
రేషన్‌కార్డు గుమాస్తా అడిగి, జవాబుకు ఆగకుండా
పెనుమూరనే రాసుకున్నాడు.
రెండేండ్లు మా చక్కెర
వేరేవాళ్ళ పేరుమీద తిన్నాం.

ఏరు పొంగి ఊరు కొట్టకపొయ్యిందని మా అబ్బ.
"మీ అబ్బ నోట్లో నుంచి లేచిన ఊరది" అని మా అవ్వ,
వక్క కొరుకుతా.

చెదలు తినగా మిగిలిన రిజిస్టరొకటి
కచేరీ అటకమీద దొరికింది.
ధాత కరువు ఏడు. గంజితొట్టి లెక్కలు.
చెంగడు. మగ. ఏడేండ్లు ఉండొచ్చు.
తండ్రి: తెలీదు. ఊరు: చెప్పలేడు.
ఇంటిపేరు గడిలో మాత్రం వేరే సిరా, వేరే చెయ్యి.
గంజి కొలిపించే దొర
తన సంతకాన్నే అక్కడ పెట్టేసినాడు: ట్యాలిమోర్.
దాని కింద తెలుగు రాయసగాడు
చెవిన పడింది పడినట్టు దించుకున్నాడు.

దయా అది?
పొద్దుగూకులూ పేర్లు రాసి రాసి
గడి తప్పిందా చెయ్యి?
తల్లి లేని పిల్లోడికి తల్లిమూరని రాస్తా
ఆ రాయసగాడు నవ్వినాడా?
మాటకు అర్థం ఎవరైనా దొరకు చెప్పినారా?
రిజిస్టర్లలో అట్లాంటివి రాయరు.

మోరంటే వాళ్ళకు బీడంట,
గాలి తప్ప ఏమీ పండని నేల.
ఆ పేరు అక్కడే పుట్టి
రెండు పల్లెలు దాటి ఎప్పుడూ పోలేదంట.
గొర్రెలు కాసినోళ్ళు, చర్చిలో గంట కొట్టినోడొకడు,
ఓడెక్కినోడొకడు.
ఇప్పుడా దేశంలో మూడిండ్లు.
ఇక్కడ చిత్తూరు గిరింపేటలోనే నాలుగు.
పుత్తూరులో కట్టు కట్టించుకోను పొయ్యి
అక్కడే నిలిచిపొయ్యినోళ్ళది ఒకటి.
తిరుపతి కొర్లగుంటలో ఆటో తోలే మా మునస్వామి,
వాడికి ముగ్గురు కొడుకులు.
పలమనేరు టమోటా మండీలో కాటా చూసే మా రేవతమ్మ,
పెండ్లయినా పేరు మార్చుకోలేదు.

హెస్టరమ్మ జాబు రాసింది. ఎనభైమూడేండ్లంట.
"మా ఇంట్లో ఈ పేరు నాతో ఆఖరు.
ఆయన సమాధి కనపడితే
ఒక్క ఫోటో పంపగలరా?"

చిత్తూరు పాత దొరల సమాధుల్లో
సర్కారు కంప నరుక్కుంటా పొయ్యినా.
రాయి సగమే ఉంది.
టి, ఏ, రెండు ఎల్లులు, ఐ.
అక్కడికి విరిగిపొయ్యింది.

కావలివాడి కూతురు, ఆరో తరగతి,
అక్షరాలు కూడబలుక్కుని చదివిందంట:
త... ల్లి.
వాళ్ళమ్మ ఆ పొద్దే పసుపు పూసింది.
తర్వాత ఎవరో గాజులు, ఎవరో వేపమండ.
నేను పొయ్యింది మంగళవారం.
నిమ్మకాయలు కోసి పెట్టుండారు.
నెలలు నిండినామె ఒకతి
నడుం పట్టుకుని నిలబడి ఏదో చెప్పుకుంటా ఉంది
దొరకు.

"ఏంది తాతా అట్ల చూస్తా ఉండావు,
చెప్పులిడిచి రా."

ఇడిసినా.

బొట్టు తుడవకుండానే ఫోటో తీసినా.
రాత్రి కవరుమీద హెస్టరమ్మ అడ్రసు,
వెనక పక్క పంపినోడు: తల్లిమూరు గురవప్ప.
ఊరు రాసేకాడ
పెన్ను చానాసేపు ఆగింది.

పాకాల అనే రాసినా.
ఉత్తరం తిరిగొస్తే
చేరాల గదా.