అంచుకు మట్టి

మూతబడ్డ హోటల్ కర్టెన్లు
నలభై యూరోలకు బేరమాడి తెచ్చాను.
పాతాళానికి సరిపడా నలుపు
ఒక్క డబ్బాలో రాదు.
మూడుసార్లు ముంచితే గానీ
ఆ గుడ్డ తన లేతపసుపును మరిచిపోలేదు.

వోలోస్ రేవులో పాత పొగాకు గిడ్డంగి మా కుట్టుగది.
వాన పడితే ముందు మిషన్లకు గొడుగు పడతాం,
తర్వాతే మనుషులకు.

పాతాళం రాణి వేషం కట్టే ఆరెతి
కొలతలకు చేతులు చాపి నిలబడి అడిగింది:
"నాకో జేబు కావాలి."
దేవతల బట్టలకు జేబులేమిటి,
ఏం దాచుకుంటారు, బస్సు టికెట్లా? అన్నాను.
"చచ్చినవాళ్లను దాటించే పడవవాడి కోటుకు నాలుగున్నాయి.
నాకు ఒక్కటి. దానిమ్మ గింజలకి.
అరచేతిలో చెమటకి జారుతున్నాయి.
నిన్న రిహార్సల్లో రెండు తినకుండానే పోయాయి.
ఆ లెక్కన నేను
నాలుగు నెలలే కింద ఉండాలి."

తల్లి వేషానికి మాత్రం చెయ్యి వెనక్కి తీయలేదు.
బంగారు జరీ, భుజాన గోధుమకంకి పిన్ను,
నేలకు అంటీ అంటనట్టు అంచు.
రాత్రి రెండింటిదాకా
ఒక్కో కుచ్చె గోటితో నొక్కుతూ కూర్చున్నాను.

తెల్లారి వచ్చేసరికి
కొయ్యబొమ్మ ఒంటిమీద నూలుపోగు లేదు.
కిటికీలోంచి చూస్తే
మా స్టమాతియా,
ముప్పై ఏళ్లుగా కాజాలు కుడుతున్న మనిషి,
ఆ జరీనంతా నడుముకు చుట్టుకుని
వలల మధ్య నుంచి, చేపలు కడిగిన నీళ్లలోంచి
రేవు పొడవునా ఈడ్చుకుంటూ నడుస్తోంది.
జాలర్లు సిగరెట్లు కాల్చడం మాని చూస్తున్నారు.

డైరెక్టర్ ఇంతెత్తున ఎగిరాడు:
"ఆవిడ దేవత!"
"అయితే ఏం?
పిల్ల కనబడక తొమ్మిది రోజులు.
బట్ట మార్చుకుంటుందా?"
నోట్లో గుండుసూదులతోనే అంది.
నీకెలా తెలుసని ఎవరూ అడగలేదు.
వరద వచ్చిన ఏడు
ఆమె తడి బూట్లతో పనికి వచ్చిన వారం
నాకు గుర్తుంది.
నేనూ అడగలేదు.

జరీ పాడైంది. మోకాళ్లదాకా ఉప్పుచారలు.
ఒక చేపపొలుసు అంచుకి అతుక్కుని
దీపాల కింద ఏ పూసా మెరవనట్టు మెరుస్తోంది.
ఊడిపోకుండా దానికి రెండు టాకాలు వేశాను.

ఇక జేబు మిగిలింది.
ఎడమవైపు, లోపలి కుట్టులో,
ఆరు గింజలకు సరిపడేంత.
అడుగున మాత్రం
రెండు కుట్లు వెయ్యకుండా వదిలేశాను.
ఒకటో రెండో జారిపోతే
పోనీ.