ఏ ఏడు

లిస్బన్ కొత్త విమానాశ్రయానికి
మూడు చోట్ల గూటాలు పాతాను నేను.
మొదటిసారి నా మీసం నల్లగా ఉంది.

ఉత్తరాన, కొండల నడుమ, తవ్వితే నీళ్ళు.
గాలి అడ్డంగా వీస్తోందన్నాడు ఇంజనీరు.
కొండ వెనక భూమి ఎవరు కొన్నారో
కాఫీకొట్లో అందరికీ తెలుసు,
నివేదికలో మాత్రం లేదు.
దాని బరువు పదకొండు కిలోలు,
మోసినవాణ్ణి, చెప్పగలను.
ప్రభుత్వం పడింది. గూటాలు పీకాం.

రెండోది ఏటిమొగ దగ్గర, ఉప్పుమడుల పక్కన.
ఆటు తీశాక బురదనిండా
గులాబీ కాళ్ళ పక్షులు.
"అవి సర్దుకుంటాయి" అని రాశాడు
ఆ బురద తొక్కని నిపుణుడు.
ఆ ఊరి మేయరు ఫిలొమేనా
సంతకం పెట్టనంది,
పెన్ను మూత కూడా తియ్యలేదు.
ఎన్నికలొచ్చాయి.
గూటాలు పీకమని చెప్పేవాళ్ళు కూడా లేరు,
ఉప్పే తినేసింది.

ఫైలు మాత్రం బెండులా తేలుతూనే ఉంది,
మునగదు, ఒడ్డెక్కదు.

అలా తేలి తేలి ఏటికి దక్షిణాన
బెండు చెట్ల అడవికే వచ్చింది మూడోసారి.
ఇక్కడ తొమ్మిదేళ్ళకోసారి బెరడు ఒలుస్తారు.
ఒలిచిన ఏడాది చివరి అంకె
మాను మీద తెల్లగా రాస్తారు,
మళ్ళీ ఎప్పుడు రావాలో చెట్టే చెబుతుంది.
నేనేమో ఎర్ర రంగు డబ్బాతో
కొట్టెయ్యాల్సిన వాటికి వరుస నంబర్లేస్తున్నా.

తెల్ల ఏడు ఉన్న మానుకే
నా వరుసలోనూ ఏడొచ్చింది.
పక్కన నిలబడి దియొలిండా అడిగింది:
"ఇది ఏ ఏడు?"
ఏడో చెట్టు, అన్నాను.
"నాది రెండువేల పదిహేడు.
ఇరవయ్యారు ఎండల్లో మళ్ళీ వస్తా.
మీవాళ్ళెప్పుడొస్తారు?"
నేను బ్రష్షు తుడుచుకున్నాను.
"వద్దనడం లేదయ్యా,
మా చెల్లెలి కొడుకుకి ట్రాలీలు తోసే పనైనా దొరుకుతుంది.
తేదీ చెప్పమంటున్నా."

ఆ రాత్రి టీవీలో మంత్రి సీసా తెరిచాడు.
బిరడా ఎగిరి కెమెరా దాటిపోయింది.
ఈ అడవి నుంచి ఇప్పటిదాకా
గాల్లోకి లేచింది అదొక్కటే.

మంత్రి మారాడు. నాకు పింఛనొచ్చింది.
మొన్న జూలైలో పనేం లేకపోయినా వెళ్ళాను.
ఒలిచిన మాను, పచ్చి పుండు రంగు.
నా ఎర్ర ఏడు బెరడుతోపాటే పోయింది,
ఏ సీసా మూతిలో బిగుసుకుందో.
కొత్త ఆరు ఇంకా తడిగా ఉంది,
వేలికంటింది.

దారిలో జీపు దిగాడు ఓ కుర్రాడు,
చేతిలో అదే ఎరుపు, డబ్బా మాత్రం కొత్తది.
పాత జాబితా దొరకలేదట.
"పెద్దాయనా, నంబర్లు ఎక్కణ్ణుంచి మొదలెట్టను?"

ఒకటి నుంచే, అన్నాను.