కొమ్ముల బస్తా వెనక

పాతపట్నం బస్సెక్కడం మానేసి
ఇవాళ్టికి నూట పదకొండు రోజులు.
ఎవరూ లెక్క అడగలేదు. నేనే చెప్తున్నాను.

పర్లాకిమిడిలో మా వీధి నుంచి
సరిహద్దు ఎంతోసేపు పట్టదు.
ఇటు ఒడియా బోర్డు, అటు తెలుగు బోర్డు,
నా దాహానికి రెండూ చదవడం వచ్చు.
మా వీధి కళ్ళు తప్పించుకోడానికి
ఇంకో రాష్ట్రమే కావలసొచ్చింది నాకు.

తిరుగు బస్సులో ఓసారి
మా జ్యోత్స్న లెక్కల మాస్టారు పక్క సీటు.
ఆయన కిటికీ తెరిచాడు. ఏమీ అనలేదు.
నన్ను తిట్టినవాళ్ళ మాటలన్నీ మర్చిపోయాను,
ఆ కిటికీ చప్పుడు మిగిలింది.

మానేశాక చేతులు ఊరుకోలేదు.
మహారాణా గారి పాకలో
కొమ్ముకి నూనె రాసి నిప్పు మీద కాచి
మెత్తబడ్డ ఆ ఒక్క నిమిషంలోనే
కొంగ మెడ వంచాలి.
నేను వంచినవన్నీ
వెనకెవరో పిలిచినట్టు తిరిగి చూస్తున్నాయి.
"ఏటి గవరయ్యా, నీ కొంగలకి
చేపలక్కర్లేదేటి?" అన్నాడాయన.

నోరూ ఊరుకోలేదు.
మూడు టీలు, ఏడు టీలు, పదకొండు.
ఆ తర్వాత పిప్పరమెంటు బిళ్ళలు.
ఒకటి కరక్కముందే ఇంకొకటి,
గుండె దడకి, జీతం రోజుకి,
నడిరాత్రి మెలకువకి, ఊరికే.
నాలిక పొక్కిపోయింది.
ఆస్పత్రి డాక్టరమ్మ నవ్వింది,
"తియ్యటిదేగా, తినండి" అంది.
తినమంది ఆవిడ. దాచమనలేదు.

దాచింది నేను.
కొమ్ముల బస్తా వెనక
క్వార్టర్ సీసా పడుకునే ఆ గుంటలోనే
రంగురంగుల కాగితాలు.
సీసా మూత తిప్పేటప్పుడు
చప్పుడు పైకి రాకుండా దగ్గేవాణ్ణి.
బిళ్ళ కాగితం విప్పేటప్పుడూ దగ్గాను.

మొన్న వాన లోపలికొస్తే
బస్తా జరిపింది పైడమ్మ.
గుమ్మంలోంచి ఆమె వీపు చూశాను,
ఎన్నో సీసాలు వెలికితీసిన వీపు.
వంగింది. చెయ్యి పెట్టింది.
ఆకుపచ్చవీ ఎర్రవీ గుప్పెడు తీసి
ముందు వాసన చూసింది.

నవ్వుతుందనుకున్నాను.
తడినేల మీదే కూలబడింది.

"నావి కావు" అన్నాను.
"ఎలకలు తెచ్చుంటాయి" అన్నాను.
వేరే ఎవరిదో కాదు, అదే గొంతు,
అదే నున్నదనం.
నూరు రోజులు దాటి
రూపాయి బిళ్ళ కోసం
చెప్పులేసుకుని తయారుగా నిలబడి ఉంది.

"ఎలకలకి పిప్పరమెంట్లు కొనిచ్చీ అంత
జీతమొస్తందేటి నీకు?"
అంతే అంది. కాగితాలు పారేయలేదు,
ఒక్కొక్కటీ తొడ మీద పెట్టి
వేలితో సాపు చేస్తూ కూచుంది.

తాగుడు సిగ్గుకి డాక్టరుంది,
శనివారం బడి వరండాలో చాప ఉంది.
ఈ బిళ్ళల సిగ్గు ఎక్కడ దింపను?
చాప మీద చెప్పేసరికి
దుఖీశ్యాం తల వంచుకుని అన్నాడు:
రాత్రుళ్ళు మూడుసార్లు లేచి
స్కూటర్ తుడుస్తాడట.
ఎక్కడికీ వెళ్ళడట. తుడుస్తాడంతే.
ఎవరం నవ్వలేదు. తర్వాత నవ్వాం,
వాడే ముందు.

పచ్చడి జాడీ ఖాళీ అయితే కడిగి
బిళ్ళలన్నీ అందులో పోసి
కిటికీలో పెట్టాను.
జ్యోత్స్న వస్తూ ఒకటి, పోతూ ఒకటి.
అడగదు. నా వంకా చూడదు.
సాయంత్రానికి ఎన్ని తగ్గాయో
నాకు తెలుసు, తనకీ తెలుసు.

ఇవాళ జాడీలో చెయ్యి పెట్టాను.
లోపల పైడమ్మ బియ్యం చెరుగుతోంది.
గొంతులో పాత దగ్గు లేచింది.
మింగేశాను.
కాగితం విప్పాను.

చేట ఒక్క క్షణం ఆగింది.
మళ్ళీ మొదలైంది.