తొమ్మిదేళ్ల బెరడు

బెరడు బిరడా అయ్యే ఊరు కొరూష్.
సొరాయా నది ఒడ్డున బిరడాల వ్యాపారి ఆఫీసు,
తలుపు తీయగానే ఉడికించిన చెక్క వాసన.
దియోలిందా గారు కాఫీ చేతికిచ్చి
ముందే షరతు పెట్టింది:
"తీగ మార్చుకో. బిల్లు తగ్గించు.
బల్లమీద ఉన్నవాటిని మాత్రం కదపకు."

నల్ల ఫోను, వేలు పెట్టి తిప్పేది.
మీటల ఫోను, అయిదు మీద అంకె అరిగిపోయి నున్నగా.
ఫ్యాక్సు యంత్రం. దాని మూత ఊడకుండా రబ్బరు బ్యాండు.

నా సంచిలోంచి తీసింది అరచేతిలో పట్టే అడాప్టరు.
ఒకవైపు ఇంటర్నెట్టు, ఒకవైపు ఈ ముసలివాళ్లు.
దుబాసీ ఉద్యోగం పాపం దానిది,
అటు మాట ఇటు, ఇటు మాట అటు,
తనకంటూ చెప్పుకోడానికి ఏమీ ఉండదు.

మీటల ఫోను వెంటనే పలికింది.
లెక్కలు రాసే అబీలియు గారు చెవికి ఆనించుకుని
"అవతల ఎవరూ లేరు" అని పెట్టేశారు.
ఉన్నారు. ఊపిరి పీలుస్తున్నారంతే.
పాత తీగలో ఎప్పుడూ సన్నగా ఒక గాలి వీచేది,
ఎవరూ మాట్లాడకపోయినా మనిషున్నట్టు తెలిసేది.
కొత్తదానికి మౌనమంటే కడిగిన పళ్లెం.
సెట్టింగుల్లోకి వెళ్లి
కొంచెం దొంగ గాలి పెట్టాను.
మళ్లీ విని, తల ఊపారు:
"ఆ, ఇప్పుడున్నారు."

ఫ్యాక్సు మొండికేసింది.
సారాయి సీసాల కంపెనీ ఆర్డరు సగం దాకా వచ్చి
అక్కణ్నుంచి కిందికి అన్నీ నల్ల చారలు.
వేగం తగ్గించాను. తగ్గించి, మళ్లీ తగ్గించాను.
నత్తలా పాక్కుంటూ వచ్చింది చివరికి,
ఎంత సరుకో, ఏ తేదీలోపో, కింద వంకర సంతకంతో సహా.

నల్ల ఫోను సంగతి వేరు.
గంట మోగుతుంది, అసలు ఇత్తడి గంట.
చక్రం తిప్పితే మాత్రం
ఆ టకటకలు నా దుబాసీకి అర్థం కావు.
"ఇందులో మాట్లాడొచ్చు" అన్నాను నసుగుతూ,
"మీరుగా ఎవరినీ పిలవలేరు."
ఆవిడ పకపకా నవ్వింది.
"మా అన్న అదెరీతు ఫోను ఇది.
నలభై ఏళ్లలో తనుగా ఒకరిని పిలిచిన పాపాన పోలేదు.
అలాగే ఉండనీ."

ఇక చెప్పక తప్పని మాట
నేనెప్పుడూ చివరికి అట్టేపెట్టే మాట
కరెంటు పోతే ఇదీ పోతుంది.
అబీలియు గారి పెన్సిలు ఆగింది.
కొండమీద చెట్లంటుకున్న రాత్రి
ఊరంతా చీకటైనా ఈ నల్లదే మోగిందట.
కాపలావాడి గొంతు. ఒకే మాట. తర్వాత పరుగులు.
పాత తీగ తన అన్నం తనే తెచ్చుకునేది మరి.
బండిలోంచి బ్యాటరీ తెచ్చి పెట్టాను.
"నాలుగు గంటలు" అన్నాను.
"ఆ పైన?"
నా దగ్గర జవాబు లేదు.
గోడమీద పెన్సిలుతో 4 అని వేసుకున్నారాయన.

పెరట్లో చెట్లకు నడుమువరకూ చర్మం లేదు.
ఏ ఏడు ఒలిచారో ఆ ఏడు చివరి అంకె
ఎర్రటి ఒంటిమీద తెల్లగా.
అదే రంగు, అదే కుంచె తెచ్చి
దియోలిందా గారు నా పెట్టెమీద కూడా అంకె వేసింది.
"తొమ్మిదేళ్లకు మళ్లీ రా. అందాకా దీన్ని ముట్టుకోకు."

వాకిట్లోంచే సెల్లుతో నల్లదానికి కొట్టాను,
పరీక్షకి.
"ఎవరు?"
"నేనేనండీ, గుమ్మంలో ఉన్నాను."
"గుమ్మంలోంచి ఫోనేంటయ్యా, ఊరు దాటాక చెయ్యి!"

వంతెన దాటి బండి ఆపాను.
రెండో మోతకే తీసింది.
తను మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు.
సన్నగా గాలి,
నేను పెట్టిందో
ఆవిడ పెరట్లోదో.