గంగ సంతకం

సిరొంచ తహసీలు మెట్ల పక్కన
నాదొక స్టూలు, ఒక ఇంకు ప్యాడు.
ఫారానికి ఇరవై.
తలాఠీ భర్తీ, వనరక్షక్ భర్తీ, పోలీసు భర్తీ,
నా చేతిరాత ఎంతమందికి నౌకరీ అయిందో!
తలండి బిచ్చు కోడి కూయకముందే
ప్రాణహిత ఇసుకల పదహారు వందల మీటర్లు
ఉరికి ఉరికి, ఉత్తకాళ్లతోనే ఉరికి,
ఇప్పుడు గడ్చిరోలిల ఖాకీ ఉతుక్కుంటున్నడు.
నేను నాలుగేండ్ల సంది
రెండు మార్కుల ఇవతల కూసున్న.

ఆ రెండూ ఎక్కడ పోయినయో ఎరుకే:
మరాఠీ వ్యాకరణంల.
ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ,
మేకల వెంట అడవికి పోతే గోండి.
సమాసం అడిగితే
మూడు నోర్లు ఒక్కసారే తెరుసుకున్నయి.

కొత్త తలాఠీ సాతారా నుంచి వచ్చిండు.
బక్కపలుచని మనిషి, మంచోడే.
మలేరియా గోళీలు జేబుల పెట్టుకొని
నాకందని కుర్చీల కూసున్నడు.

గగ్గూరి లస్మక్క వచ్చింది ఓనాడు,
సాత్‌బారా కాయితం కొంగున ముడేసుకొని.
"ఎకరంనర చెల్క గంగ తీస్కపోయింది బిడ్డా."
ఆయనకు దొరికింది ఒక్క మాట.
రాసుకున్నడు: ఎకరంనర, గంగ కబ్జా.
"ఎవరీ గంగ? ఇంటిపేరేంది?
పిలిపించుండ్రి, సంతకం కావాలె."

నేను మెట్టు దిగకుండనే తెలుగు చేసి చెప్పిన.
లస్మక్క ముక్కుపుల్ల కదిలింది,
నవ్వో ఏడుపో తెల్వలె.
"వానలకు వస్తది, పెట్టుమను."

ఈ మాటను మరాఠీల ఎట్ల పెట్టాలె?
ఏ గైడులో లేదు.
"నది, సాహెబ్. మనిషి కాదు.
ఆగస్టుల వచ్చి గట్టుకు గట్టే కోసుకొని
కందిచేనుతో పాటే పోయింది.
మాకు ఏ నదైనా గంగనే."

పెన్ను ఆగింది. గంగ మీద గీత పడ్డది.
కొంచెం సేపటికి, ఎవరికో చెప్తున్నట్టు,
"మా కాడ కృష్ణామాయి అంటం" అన్నడు.
"మా అమ్మ దాన్ని పేరు పెట్టి తిడ్తది."

ఆ పూట పదకొండు మందికి నోరైన.
ఎవరూ ఇరవై ఇయ్యలె, అది ఫారం కాదు గద.
లస్మక్క మాత్రం స్టూలు మీద
రెండు సీతాఫలాలు పెట్టి పోయింది, ఒకటి పచ్చిది.
తాళమేసుకుంట తలాఠీ అడిగిండు:
"మీది ఏ పోస్టు?"
సీతాఫలం గింజలు ఊంచుతున్నట్టు నటించిన.

రాత్రి మళ్లా ఫారం తెరిచిన, ఈసారి నాది.
వచ్చిన భాషల కాడ మూడేసి డబ్బాలు:
చదువుట, రాయుట, మాట్లాడుట.
మరాఠీకి మూడు టిక్కులు. గోండికి ఒకటి.
తెలుగు కాడ చెయ్యి ఆగింది.
అక్షరాలు ఏ పంతులూ చెప్పలె నాకు,
వంతెన దాటి వచ్చే కాళేశ్వరం బస్సు బోర్డులు
ఒక్కొక్కటే చెప్పినయి, ఆగినంత సేపు.
మూడూ కొట్టిన.

వయసుకు ఇంకా రెండేండ్లు గడువున్నది.
ఫీజు ఎల్లుండి కట్టొచ్చు.
రేపు పొద్దుగాల లస్మక్క చెల్కకాడ పంచనామా,
ఒడ్డు దాక నేనూ పోవాలె.
తలాఠీకి ఈత రాదంట.